ఓబయ్య భుజం

తిరుపతి
18 జనవరి 1944

అత్తకు, నీ మునిగాడి దండాలు.

నిమ్మకాయ ఊరగాయ చేరింది. జాడీ మూత ఊడి సగం నూనె బస్సు సీటు తాగింది. మిగిలిన సగంతోనే నెల రోజులుగా అన్నం తింటున్నాను. నా పెళ్ళి గురించి నువ్వడిగినదానికి ఈ జాబులోనూ జవాబు లేదు, వెతకవద్దు.

పండగ సెలవుల్లో మా బడి పంతుళ్ళిద్దరితో కలిసి కొండకు నడిచి వెళ్ళాను. మోకాళ్ళ పర్వతం దగ్గర మా ముందు ఒక డోలీ పోతోంది. అందులో భారీగా ఉన్న షావుకారు ఒకాయన కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు. ఆ తొక్కలు వెనక మోస్తున్న ముసలివాడి తల మీద రాలుతున్నాయి. ముసలివాడికి చేతులు ఖాళీ లేవు, తల విదిలిస్తే అడుగు తప్పుతుంది. నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తూ అట్లాగే ఎక్కుతున్నాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఓబయ్య. ఏటేటా నిన్ను మోసే ఓబయ్యే. కొండ మీద డోలీ దించినప్పుడు వాడి భుజం చూశాను. కాడి కింద ఎద్దు మెడ ఎట్లా కాయ కాస్తుందో అట్లా ఉంది.

అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. దేవుణ్ణి చూడడానికి ఒక మనిషి మెడ మీద ఎక్కి పోతామా? మనం చదువుకున్నవాళ్ళం, స్వరాజ్యం కావాలంటున్నవాళ్ళం. కొండ మీదికి బస్సు దారి వేస్తున్నారు, ఉగాది పోయాక తెరుస్తారని చెప్పుకుంటున్నారు. ఈ ఫాల్గుణానికి నువ్వు రావద్దు అత్తా. రెండు నెలలు ఆగి బస్సులో రా. ఆ డోలీ మాత్రం ఎక్కవద్దు. నన్ను పెంచినదానివి, నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఇంత చనువుగా అడుగుతాను?

నీ
వెంకటముని


చిత్తూరు, గిరింపేట
25 జనవరి 1944

మునీ, నూరేళ్ళు చల్లగా ఉండు.

షావుకారు భారీగా ఉన్నాడని రాసి ఊరుకున్నావు, మా అత్త కూడా అంతే అని రాయలేదు. ఆ మర్యాద మాత్రం మిగిలిందే నీకు. సంతోషం.

నీ జాబు చదవగానే ఒళ్ళు మండింది. మీ మామ కన్నుమూసిన ఏడాది నుంచి ఆ ఓబయ్యా కుప్పయ్యా జట్టే నన్ను కొండకు తీసుకుపోతున్నారు. నేను వేరుసెనక్కాయలు తినను, తొక్కలు వేయను. కిందికి దిగి వచ్చాక నలుగురినీ మీ ఇంటి వసారాలో కూర్చోబెట్టి, నా చేత్తో వడ్డించి, వాళ్ళు తిన్నాకే నేను తింటాను. నువ్వు చిన్నప్పుడు విస్తళ్ళు వేసినవాడివే కదా. ఇప్పుడు నాకు దయ నేర్పుతున్నావా అని తిట్టుకుంటూ జాబు పెట్టెలో పడేశాను.

కానీ రోలు దగ్గర కూర్చున్నా, దీపం పెట్టినా వాడి భుజమే కళ్ళ ముందు ఆడుతోంది. అన్ని సార్లు కూర్చున్నాను గాని ఆ భుజం ఎట్లా ఉందో నాకు తెలియదు. పైనుంచి చూసేవాళ్ళకు తలపాగా ఒక్కటే కనపడుతుంది. సరే, నువ్వే గెలిచావు. నేను డోలీ ఎక్కను. బస్సు వచ్చినప్పుడే వస్తాను.

ఓబయ్యకు మాత్రం నువ్వే పోయి చెప్పు. నెమ్మదిగా చెప్పు. నా మీద కోపమా అనుకుంటాడు. డోలీ లేకపోయినా అన్నం ఎప్పటిలాగే నేను వచ్చి పెడతానని చెప్పడం మరిచిపోవద్దు.

చలికి మెడకు గుడ్డ చుట్టుకో. చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు కాబట్టి నేనే రాయాల్సి వస్తోంది.

మీ అత్త
చంద్రకాంతమ్మ


తిరుపతి
6 ఫిబ్రవరి 1944

అత్తకు నమస్కారాలు.

నీ జాబు మా యువజన సంఘంలో అందరికీ చదివి వినిపించాను. చిత్తూరులో ఒక పెద్దావిడ ఇంత తొందరగా మారిందంటే ఎవరూ నమ్మలేదు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

నిన్ననే అలిపిరికి వెళ్ళాను. ఓబయ్య జట్టూ ఇంకో రెండు జట్లూ మెట్ల మొదట్లో కూర్చుని ఉన్నారు. అందరూ వినాలనే గట్టిగా చెప్పాను. "ఓబయ్యా, మా అత్త ఇక నీ భుజం ఎక్కదు. మనిషి మీద మనిషి ఎక్కి పోవడం పాపమని తెలుసుకుంది" అన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. "పోయినేడు కాలు జారినందుకా సామీ?" అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. "కాదయ్యా, నీ మీద దయతోనే" అన్నాను.

"ఆయమ్మ మంచిగుండాదా? జబ్బేం లేదుగదా?" అన్నాడు. బాగుందని చెప్పాను. అన్నం సంగతీ చెప్పాను. అప్పుడు వాడన్న మాట వింటే నువ్వు కూడా మెచ్చుకుంటావు. "పనిజేయకుండా ఆయమ్మ సేతి కూడు ఎట్ల తినేది సామీ" అన్నాడు. ఎంత ఆత్మగౌరవం చూడు. ఇన్నాళ్ళూ మనం వాళ్ళలో దాన్ని చూడలేదు.

మా బడిలో నీళ్ళు తోడే పని ఇప్పిస్తానని చెప్పాను. ఇవాళ వస్తాడని చూశాను, రాలేదు. అలవాటు మారడానికి కొంచెం రోజులు పడతాయి. డోలీలు ఆపమని దేవస్థానం వారికి అర్జీ రాస్తున్నాం. నడవగలిగినవాళ్ళు నడవాలి, నడవలేనివాళ్ళకు బస్సు వస్తోంది. ఇక మనుషుల్ని పశువులుగా వాడుకునే కాలం పోవాలి.

నీ
ముని


చిత్తూరు
11 ఫిబ్రవరి 1944

మునీ,

ఆశీర్వాదాలు తర్వాత. ముందు ఇది చదువు.

ఇంకో రెండు జట్ల ముందు చెప్పావా? అందరూ వినాలని గట్టిగా చెప్పావా? నెమ్మదిగా చెప్పమని నేను రాసిన మాట మీ సంఘంలో చదివేటప్పుడు దాటేశావా?

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. డోలీలో కూర్చుంటే కింద వాళ్ళు మాట్లాడుకునేవన్నీ చెవిన పడతాయి. ఏళ్ళ తరబడి మోసిన ఇంటివాళ్ళు ఒక మనిషిని వదిలేశారంటే వాడిలో సత్తువ పోయిందని వాళ్ళ లెక్క. ఆ తర్వాత ఏ జట్టూ వాణ్ణి తమ డోలీ కొయ్య కిందికి రానివ్వదు. మెట్ల మీద ఒకడి అడుగు తడబడితే మిగతా ముగ్గురి నడుములూ విరుగుతాయి కాబట్టి ఆ విషయంలో అన్నా తమ్ముడా అని కూడా చూడరు. పోయినేడు వాడి కాలు జారి మోకాలు చీరుకుపోయింది. నాకేం కాలేదు, నేనే పసుపు పెట్టి కట్టు కట్టాను. ఆ మాట మిగతా జట్లకు తెలియకూడదని వాడు ఎంత జాగ్రత్త పడ్డాడో. కాలు జారిందని అందరి ముందూ వాడి నోటితోనే అనిపించావు కదరా.

జబ్బేం లేదుగదా అని వాడు అడిగినప్పుడు, అవునయ్యా ఒంట్లో బాగాలేదు, ఈ ఏడు రాలేకపోతోంది అని ఉంటే సరిపోయేది. ఒక చిన్న అబద్ధం. నిజం చెప్పాలన్న ఆరాటంలో మనిషి ముఖం కూడా చూడలేదు నువ్వు. ఆ ముఖం ఎట్లా ఉందో ఒక్క ముక్క కూడా రాయలేదు.

నేను వస్తాను. డోలీ ఎక్కుతాను. ఓబయ్య ఇంటికి పోయి, వాడి పెళ్ళాం నాగులమ్మ కూడా వినేలా చెప్పు, ఫాల్గుణంలో అమ్మ వస్తోంది, ఎప్పటిలాగే నువ్వే మోయాలని. రేపే పో.

అత్త


తిరుపతి
24 ఫిబ్రవరి 1944

అత్తకు,

జాబు ఆలస్యమైంది. ఏం రాయాలో తోచక ఆగాను.

మాట ఇచ్చి తప్పుతున్నావు, అందుకే నేను ఓబయ్య ఇంటికి పోలేదు. నీ మాట పట్టుకుని మా సంఘంవాళ్ళు ఇంకా నాలుగు ఇళ్ళవాళ్ళ చేత డోలీ మానిపించారు. ఇప్పుడు నువ్వే ఎక్కితే నేను ఎవరికి ముఖం చూపించను? ఒక్క మనిషి మనసు నొచ్చుకుందని అన్యాయాన్ని అట్లాగే ఉండనివ్వాలా? నీది దయ, నేను అడిగేది న్యాయం. రెండూ ఒకటి కావు. ఒక పూట అన్నం పెట్టి ఏడాదంతా వీపు మీద ఎక్కే దయ నాకు వద్దు.

ఇంకో మాట రాస్తాను, కోపం తెచ్చుకోవద్దు. నీకు మోకాళ్ళ నొప్పులు. బస్సు వచ్చేదాకా ఆగడం నీకు కష్టమే. ఆ కష్టానికి ఓబయ్య పేరు అడ్డం పెట్టుకుంటున్నావేమో, నిన్ను నువ్వే అడిగి చూసుకో.

ఓబయ్య గురించి నువ్వు దిగులు పడనవసరం లేదు. అలిపిరి వైపు పోయినప్పుడల్లా కనపడుతూనే ఉన్నాడు, తలపాగా చుట్టి, మిగతావాళ్ళతో పాటు మెట్ల దగ్గరే నిలబడి. మనిషి బాగానే ఉన్నాడు. అర్జీ మీద వేలిముద్రలు వేయమని అడిగితే ఒక్కరూ వేయలేదు. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నామో వాళ్ళకే పట్టకపోతే విసుగు పుట్టదా?

మార్చి మొదట్లో పరీక్షల పని మీద మదనపల్లెకు పోతున్నాను. అక్కడి హైస్కూలు చిరునామాకు రాయి.

ముని


(కార్డు)
చిత్తూరు
2 మార్చి 1944

వెంకటమునికి,

నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళకు తెలుసు. నువ్వు లేకపోయినా ఇల్లుంది కదా. పక్కింటి వరలక్ష్మమ్మ దగ్గర తాళంచెవి ఉంటుందని తెలుసు. వచ్చే వారం బయలుదేరుతున్నాను. ఓబయ్యతో నేనే మాట్లాడుకుంటాను.

చంద్రకాంతమ్మ


తిరుపతి
9 మార్చి 1944

మునీ,

నీ బల్ల మీద నీ కాగితాల మీదే రాస్తున్నాను. 

పాకాలలో రైలు మారి సాయంత్రానికి చేరాను. మర్నాడు పొద్దున్నే అలిపిరి అవతల వాళ్ళ గుడిసెకు పోయాను. నడిచే పోయాను. నాగులమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ఆ మనిషి నన్ను చూసి లేవకపోవడం ఎప్పుడూ లేదు.

"వస్తిరా? ఇంగ ఎక్కేదానికి ఏముండాది ఈడ?" అంది.

ఓబయ్య లోపల పడుకుని ఉన్నాడు. మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. జరిగింది నాగులమ్మ చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తాను. నేను మార్చి రాస్తే నువ్వు మళ్ళీ ఏదో న్యాయం తీస్తావు.

"మీరు వద్దంటిరని తెలిసినంక ఒక్క జట్టోళ్ళూ పిల్సలేదమ్మా. అయినా తెల్లారితే పోయి ఆడ నిలబడతాడు. పొద్దుగూకితే వస్తాడు. కూడు తినమంటే తినడు. యాడన్నా కూలికి పోదాం రమ్మంటే, నా బుజం బాగుండాది, నేను మోసి సూపిస్తా అంటాడు. మొన్న కుప్పయ్య జట్టులో ఒకడికి జొరమొచ్చె. ఈయన పోయి వాళ్ళ కాళ్ళు పట్టుకున్నాడంట. ఎక్కినోడు మామూలు బరువు మనిషి గాదు. మోకాళ్ళ మెట్ల కాడికి పోయేతలికి ఈయన పడినాడు. డోలీ కింద పడకుండా కొయ్యని ఎత్తి పట్టుకున్నాడంట, అందుకే లోపలోడికి ఏం గాలేదు."

నువ్వు రోజూ చూసింది అది మునీ. మనిషి బాగానే ఉన్నాడని రాశావే, వాడు పిలుపు కోసం నిలబడ్డాడు.

నేను నీ మీదే అంతా వేసి చేతులు దులుపుకోలేను. నేనైనా ఏం చేశాను? ఎక్కనని నీకు రాశాను, ఎక్కుతానని నీకే రాశాను. నీకు నేనూ నాకు నువ్వూ మన మంచితనాలు రాసుకుంటూ కూర్చున్నాం. ఒక కార్డు ముక్క వాడికి రాసి, ఎవరి చేతనైనా చదివించి, నీకు ఏది ఇష్టం ఓబయ్యా అని అడగాలని మన ఇద్దరికీ తోచలేదు. నాకు సిగ్గుగా ఉంది. అన్నం వండి తీసుకుపోయాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాగులమ్మ గిన్నె తీసుకుని పక్కన పెట్టింది.

విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టే ఆయన్ని పిలిపిస్తున్నాను.

అత్త


మదనపల్లె
13 మార్చి 1944

అత్తా,

నీ జాబు చదివి హాల్లో పిల్లలకు ప్రశ్నపత్రాలు పంచాను. ఎట్లా పంచానో తెలియదు.

నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోలేకపోతున్నాను. మనిషి మనిషిని మోయడం తప్పే. కానీ నా మాట సరైనది అయితే ఓబయ్య కాలు ఎందుకు విరిగింది? రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు.

దీనితో పాటు ఓబయ్యకు ఒక జాబు పెడుతున్నాను. క్షమించమని రాశాను. నువ్వు చదివి వినిపించు. వైద్యం ఖర్చంతా నేనే చూసుకుంటాను. సెలవు దొరకడం కష్టంగా ఉంది, దొరకగానే వస్తాను.

ముని


తిరుపతి
16 మార్చి 1944

మునీ,

నీ జాబు వాడికి చదవలేదు, చదవను కూడా. క్షమాపణ చెప్పాలంటే నువ్వే వచ్చి చెప్పుకో. సెలవు సంగతి నాకు రాయవద్దు.

పుత్తూరు ఆయన వచ్చి చూశాడు. ఎముక నేను కూర్చగలను, కండ కుళ్ళుతోంది, అది నా చేతిలో లేదు, ఆలస్యం చేయకుండా వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. రైలెక్కించాలంటే ముందు స్టేషనుకు చేర్చాలి. ఎద్దుల బండిలో వేస్తే ఆ రాళ్ళ దారిలో నాలుగడుగులు పోకముందే వాడి కేకలు వినలేకపోయాం, మళ్ళీ దించేశాం. కుప్పయ్యవాళ్ళు డోలీ తెచ్చారు. పిలవకుండానే వచ్చారు పాపం, ముఖాలు వేలాడేసుకుని. మెత్తగా పరుపు వేశారు.

ఓబయ్య ఎక్కనన్నాడు.

నాగులమ్మ ఏడ్చింది. నేను బతిమాలాను. కుప్పయ్య తిట్టాడు. వాడు ఒకటే మాట. "మనిసి మీద మనిసి ఎక్కితే పాపమని ఆ సామి చెప్పినాడు గదా. సదువుకున్నోడు, ఊరికే చెప్తాడా? ఇన్నేళ్ళు మోసి ఇప్పుడు ఆ పాపం నేను మూటగట్టుకునేది ఎందుకు? నన్ను ఈడనే ఉండనీండి."

కోపంతో అనడం లేదు మునీ. నిజంగానే నమ్మి అంటున్నాడు. అంతమందిలో నీ మాట నమ్మినవాడు వాడొక్కడే. పాపం కాదని నేను చెప్తే వినడం లేదు, ఎక్కినదాన్ని కదా, నా మాటకు విలువేముంది? నువ్వు చెప్పినది నువ్వే వచ్చి మార్చుకోవాలి. ఆ కాలు వాసన వస్తోంది. ఈ జాబు అందగానే మొదటి బస్సు ఎక్కు.

అత్త


వేలూరు, ఆసుపత్రి వరండా
22 మార్చి 1944

అత్తా,

నువ్వూ నాగులమ్మా తిరుపతిలో ఎదురుచూస్తూ ఉంటారని తెలుసు. వెంటనే రాయలేకపోయాను.

స్టేషనుకు చేరేదాకా నువ్వు చూశావు. పాపం కాదు ఓబయ్యా అని నేను చెప్పినప్పుడు వాడు నన్ను చూసిన చూపు కూడా చూశావు. "అయితే ఆ పొద్దు ఎందుకు చెప్తిరి సామీ?" అన్నాడు. నేను కొయ్య కిందికి దూరాను. కుప్పయ్య వద్దన్నాడు, నా అడుగు కలవదని. కలవలేదు కూడా. ఒక ఫర్లాంగు దాటేసరికి భుజం మీద ఎవరో నిప్పు పెట్టినట్టు అనిపించింది. నువ్వు వెనక బండిలో ఉన్నావు కాబట్టి నీకు వినపడి ఉండదు. దారి పొడుగునా ఓబయ్య పైనుంచి అడుగుతూనే ఉన్నాడు. "బుజం నొస్తాందా సామీ? దించేయండి సామీ." ఒంట్లో కాలుతున్న జ్వరం, కాలు ఆ స్థితిలో ఉంది, వాడికి నా భుజం గురించే దిగులు. లేదు లేదు అంటూ నడిచాను.

ఇక్కడి డాక్టరు నిన్న చూశాడు. మోకాలి పైకి తీసేయాలట. తీయకపోతే విషం ఒళ్ళంతా పాకి మనిషి దక్కడట. ఇవాళ సాయంత్రంలోపల చెప్పమన్నాడు. వెంట వచ్చినవాణ్ణి నేను కాబట్టి కాగితం మీద నా సంతకం అడిగాడు. కలం చేతికిచ్చాడు. పెట్టబోయి ఆగాను. ముందు అతన్నడిగి వస్తానన్నాను. డాక్టరు ఆశ్చర్యపోయాడు. వాడికేం తెలుసు, మీరు చెప్పండి అన్నాడు. రెండు నెలల కింద నేనూ అదే అనేవాణ్ణి.

అడిగాను అత్తా. మంచం పక్కన కూర్చుని, జరిగేదంతా చెప్పి, ఏం చేయమంటావు ఓబయ్యా అని అడిగాను. దుప్పటి తీసి కాలు చూసుకున్నాడు. తర్వాత, "నన్నడిగితే ఇంటికి తోలుకపోండి సామీ" అన్నాడు. బతకవని చెప్పాను. "ఒంటికాలితో బతికితే నన్ను రోజూ ఎవురో ఒకరు మోయాల. నేను అట్ల బతకలేను. మోసి బతికినోడిని" అన్నాడు.

అడగకుండా సంతకం పెట్టి ఉంటే బాగుండేదనిపించింది ఒక క్షణం. అడిగాను కాబట్టి వాడి మాటకు విలువ ఇవ్వాలి. ఇస్తే వాడు చనిపోతాడు. కాదని సంతకం పెడితే, అలిపిరిలో చేసిన పనే మళ్ళీ చేసినవాణ్ణవుతాను.

నేను మోస్తానులే అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట తేలిక. నాకు తెలుసు నేనెట్లాంటివాణ్ణో. సంఘంలో చెప్పుకోవడానికి బాగుంటుంది. ఆ తర్వాత వానాకాలం వస్తుంది, బడి ఉంటుంది, నువ్వు కుదిర్చే పెళ్ళి ఉంటుంది, వాడు పెరట్లోకి పోవాలని పిలుస్తాడు, నాకు విసుగు పుడుతుంది. వాడు ఆ విసుగును నా ముఖంలో చూస్తాడు. అప్పుడు నేను ఏం చేస్తాను? అందుకే వరండాలోకి వచ్చి కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నాను.

ఇంకో దారి కనపడలేదు. విసుగు పుట్టినా మోయాల్సిందే అని తేల్చుకున్నాను. ఓబయ్యనూ నాగులమ్మనూ మన ఇంటికి తీసుకువస్తాను. ఆ మాట వాడికి చెప్పి, ఒప్పుకుంటావా అని మళ్ళీ అడుగుతాను. ఒప్పుకోకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. నిన్ను అడుగుదామంటే నీ జాబు వచ్చేదాకా ఆ కాలు ఆగదు.

నాకు భయంగా ఉంది అత్తా. లోపలికి పోతున్నాను.

ముని